అప్‌డేట్: హార్డ్ డిస్క్ తగిలించగానే వైఫై తెగిపోవడానికి కారణం దొరికింది

ల్యాప్‌టాప్‌కు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించిన వెంటనే వైఫై తెగిపోతోందని, తీసేయగానే తిరిగి వస్తోందని ఇంతకుముందు అడిగాను. డ్రైవర్లు మార్చినా, రూటర్ రీస్టార్ట్ చేసినా ఫలితం లేకపోయింది. యూఎస్‌బీ 3.0 పోర్టును అనుమానించమన్న సలహాయే చివరకు నిజమైంది, ఆ సలహా ఇచ్చినవారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా పంపేటప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోకి కూడా వ్యాపిస్తుంది. వైఫైతో పాటు బ్లూటూత్, చాలా వైర్‌లెస్ మౌస్‌లు వాడేదీ ఆ పరిధినే. ఇంటెల్ 2012లోనే దీనిపై సాంకేతిక పత్రం వెలువరించింది. కేబుల్‌కు, కనెక్టర్‌కు షీల్డింగ్ (రొద బయటికి రాకుండా ఆపే లోహపు తొడుగు) సరిగా లేనప్పుడు, యాంటెన్నా దగ్గరగా ఉన్నప్పుడు ఇబ్బంది మరింత ఎక్కువవుతుంది.

నిర్ధారణకు రూటర్‌కు పింగ్ పెట్టి (అంటే చిన్న సందేశాలు వరుసగా పంపి జవాబు వస్తోందో లేదో చూస్తూ), ఒక పెద్ద ఫైలు కాపీ చేస్తూ గమనించాను. నీలిరంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో కాపీ మొదలవగానే పింగ్ వరుసగా టైమవుట్ అయింది (జవాబు రాలేదు), కాపీ ఆపగానే కోలుకుంది. అదే డిస్క్‌ను యూఎస్‌బీ 2.0 పోర్టుకు మార్చితే ఒక్క పింగ్ కూడా తప్పలేదు. ఆ సమయమంతా పక్కనే ఉన్న ఫోనులో వైఫై చక్కగా పనిచేసింది కనుక రూటర్‌లో లోపం లేదని తేలింది.

ప్రస్తుతం ల్యాప్‌టాప్‌ను వైఫై వాడే మరో పరిధి అయిన 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కు మార్చాను, సమస్య పూర్తిగా పోయింది. అయితే ఆ సిగ్నల్ గోడలు దాటి అంతగా రాదు. అందువల్ల వెనుక గదిలో 2.4 మీదే ఉండి, షీల్డింగ్ బాగున్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కు దూరంగా ఉంచుతున్నాను.