పిల్లికూనల్ని ఎన్నో వారంలో ఇచ్చేయొచ్చు?

ప్రశ్న (కె.ఆర్.పురం, బెంగళూరు):
మా మెట్ల కింద పిల్లి ఈని ఐదు వారాలైంది, నాలుగు కూనలు. నానబెట్టిన పెల్లెట్లు తింటున్నాయి. పాలకి వెళ్తే తల్లి కసురుతోంది. అడిగినవాళ్ళు ఈ ఆదివారమే తీసుకెళ్తామంటున్నారు. ఇచ్చేయొచ్చా అండీ?

జవాబు:
వద్దండీ. నాలుగో వారంలో తిండి నాకడం మొదలవుతుంది, పాలు పూర్తిగా మానేసరికి ఎనిమిదో వారం వస్తుంది. తల్లి కసిరేది పాలు మాన్పించడానికే, వదిలేసిందని కాదు. తోడికూనని గట్టిగా కొరికితే అది కీచుమని ఆట ఆపేస్తుంది. ఎంత కొరకొచ్చో అక్కడే తెలుస్తుంది. ఇప్పుడే విడదీస్తే ఆ కుస్తీ మన చేతుల మీద పడుతుంది, దుప్పట్లు చప్పరించే అలవాటూ రావచ్చు. హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్ళు 2017లో 5,700 పైచిలుకు పిల్లుల వివరాలు పరిశీలిస్తే, ఎనిమిది వారాల్లోపు తల్లిని వీడినవాటిలో దూకుడు ఎక్కువ కనిపించింది. ఎనిమిది కనీసం. పన్నెండు దాకా ఉంచగలిగితే ఇంకా మంచిది.

జవాబు:
ఉంచినన్నాళ్ళూ రోజూ ఎత్తుకోండి. మనిషికి మచ్చికయ్యే కాలం రెండు నుంచి ఏడు వారాలు, అది మీ చేతిలోనే గడిచిపోతోంది. వంటింటి తూకంతో తూచండి: వారానికి సుమారు 100 గ్రాములు పెరగాలి, ఎనిమిదో వారానికి 800 గ్రాములకి అటూ ఇటూ ఉండాలి. తూకం ఆగితే నులిపురుగులో, విరేచనాలో. ఆవుపాలు పోయకండి, కడుపు చెడుతుంది. నులిపురుగుల మందు రెండు వారాలకోసారి, మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. ట్రైక్యాట్ (మూడు పిల్లి జబ్బులకి కలిపి వేసే టీకా) మొదటిది ఎనిమిదో వారంలో వేయించి, 3–4 వారాలకోసారి పదహారో వారం దాటేదాకా కొనసాగించాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్ళూ టీకా సరిగా పట్టదు, అందుకే అన్నిసార్లు. రేబిస్‌ది పన్నెండో వారంలో.

ప్రశ్న అడిగినవారు:
ఎనిమిది నిండాక ఇస్తాను. అప్పుడేం చూడాలి?

జవాబు:
కుదిరితే జంటగా ఇవ్వండి, ఒకదానికొకటి తోడు. తల్లి పడుకున్న గుడ్డముక్క, వారానికి సరిపడా అదే తిండి వెంట పంపండి. కొత్త తిండి అందులో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చమనండి. మొదట్లో ఒక్క గదే. లిట్టర్ (దొడ్డికి పెట్టే ఇసుక లాంటిది) తడికి గడ్డకట్టే రకం వద్దు, కూనలు మింగితే పేగుల్లో ఇరుక్కోవచ్చు. అపార్ట్‌మెంటైతే బాల్కనీకి వల ఉందో లేదో చూసిగానీ ఇవ్వకండి, గ్రిల్ సందుల్లోంచి కూన ఇట్టే జారిపోతుంది. ఇక తల్లి సంగతి: పాలిస్తూనే మళ్ళీ చూలు కట్టగలదు. ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో ఇప్పుడే డాక్టర్ని అడగండి.