ఏసీఎల్ గ్రాఫ్ట్: తొడ వెనక నుంచా, చిప్ప కింద నుంచా?

రైడర్_అన్న: మా తమ్ముడికి 19. కబడ్డీలో రైడ్‌కెళ్ళి యాంకిల్ హోల్డ్‌లో కాలు మెలిపడి మోకాలి లోపలి లిగమెంట్, ఏసీఎల్, పూర్తిగా తెగింది. ఒక డాక్టరుగారు తొడ వెనకనుంచి హామ్‌స్ట్రింగ్ టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) తీసి, తెగినదాని స్థానంలో గ్రాఫ్ట్‌గా కడతామంటున్నారు. ఇంకొకాయన చిప్ప కింది టెండన్‌ని అటూ ఇటూ ఎముక ముక్కలతో సహా తీస్తానన్నారు. ఏది మేలు?

ఫిజియో_సుధ: ఆడేవాడికైతే రెండోదే, బీటీబీ (ఎముక-టెండన్-ఎముక) అంటారు. ఎముకకి ఎముక త్వరగా అతుక్కుంటుంది. పైగా రైడర్‌కి హామ్‌స్ట్రింగే బలం, దాన్నెందుకు కోయించుకోవడం?

టైల్స్_మేస్త్రి: మేడం, నాది బీటీబీయే. మోకాలు నేలకి ఆనిస్తే చిప్ప కింద ప్రాణం పోతుంది. నా పనంతా మోకాళ్ళ మీదే. నువ్వేం పని చేస్తావని ఆపరేషన్‌కి ముందు ఒక్కరూ అడగలేదు.

ఫిజియో_సుధ: నిజమే మేస్త్రిగారూ, కానీ ఇక్కడ అడిగింది కబడ్డీ కుర్రాడి గురించి.

టైల్స్_మేస్త్రి: కబడ్డీలో మోకాళ్ళు నేలకి తగలవా?

ఫిజియో_సుధ: మ్యాట్ మీద తగలడం వేరు, గంటల తరబడి ఆనించడం వేరు.

టైల్స్_మేస్త్రి: తగిలినవాడికి తెలుస్తుందిలెండి.

వరంగల్_వేణు: చీలమండ పక్కనుంచి పెరోనియస్ లాంగస్ అనే టెండన్ కూడా తీస్తున్నారుగా ఇప్పుడు?

ఆర్థో_పీజీ: హామ్‌స్ట్రింగ్‌ని అంత తీసిపారేయకండి. మడతపెట్టాక మందం 8 మిల్లీమీటర్ల కంటే తగ్గితేనే భయం. అదే ఆపరేషన్‌లో మోకాలి బయటివైపు ఎల్‌ఈటీ పట్టీ (మోకాలు మెలిపడకుండా ఆపే కణజాలపు పట్టీ) కూడా కుట్టించుకోవచ్చు. 2020లో వచ్చిన స్టెబిలిటీ అనే ట్రయల్‌లో 25 ఏళ్ళ లోపు 618 మందికి హామ్‌స్ట్రింగే వాడారు. పట్టీ లేనివాళ్ళలో రెండేళ్ళలో 11 శాతం మందికి గ్రాఫ్ట్ తెగితే, పట్టీ ఉన్నవాళ్ళలో 4 శాతమే.

రైడర్_అన్న: థాంక్స్ అండీ. సంక్రాంతి టోర్నీకి దేనితో త్వరగా దిగొచ్చు? నాలుగు నెలలుంది.

ఫిజియో_సుధ: నాలుగు నెలలా! ఏ గ్రాఫ్టయినా కనీసం తొమ్మిది నెలలు. అప్పుడైనా రెండో కాలితో సమానంగా బలం వచ్చిందో లేదో చూశాకే. లక్షలు పోసి ఆపరేషన్ చేయించుకుంటారు, ఫిజియోకి రెండు వారాలొచ్చి మానేస్తారు. చూసి చూసి విసుగొచ్చేసింది.

టైల్స్_మేస్త్రి: నేనూ మానేశాను. వచ్చిన రోజల్లా కూలి పోయేది, పైన ఆటో ఖర్చు. అదెవరిస్తారు?

ఫిజియో_సుధ: మరి ఆ నొప్పి గ్రాఫ్ట్ వల్లేనని ఎలా అంటున్నారు?

టైల్స్_మేస్త్రి: ఇందాకటిదాకా బీటీబీ గొప్పన్నారు, ఇప్పుడు తప్పు నాదా? తొమ్మిది నెలలు పనికి పోకుండా కూర్చోగలిగేవాడికి ఏ గ్రాఫ్టయినా బాగానే ఉంటుంది.

ఆర్థో_పీజీ: ఈ మాట మాత్రం కాదనలేను.

రైడర్_అన్న: తమ్ముడు ఇదంతా చదివాడు. గ్రాఫ్ట్ సంగతి తర్వాత, ఫిజియోకి నెలకెంతవుతుందో కనుక్కోమంటున్నాడు.