దూబగుంట సారా కొట్టు మూయించింది కథా, కడుపుమంటా?

పెన్నా ఒడ్డు: కథలతో జనం మారతారా అంటే మన జిల్లాలోనే జవాబుంది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని పెద్దలకు చదువు నేర్పే రాత్రి బడులు మొదలయ్యాయి. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం: ఊరి ఆడవాళ్లు కూడి సారా కొట్టు మూయిస్తారు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ వాళ్లు అదే పని చేశారు. 1992లో జిల్లాలో సారా కొట్ల వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరుకు రాష్ట్రమంతా సారా బంద్. కల్పిత కథకు ఇంతకంటే ఏం బలం కావాలి?

కందుకూరు కుర్రోడు: వరస తిరగేస్తున్నావన్నా. సర్కారే సారా సరఫరా చేసిన వారుణివాహిని పథకం పుణ్యాన సారా ప్యాకెట్లు గడప దాకా వచ్చాయి, తాగే నీళ్లు రాలేదు. కూలి డబ్బులు ఇల్లు చేరేవి కావు. ఆ మంట పాఠానికి ముందుదే. ఇంకో సంగతి: దూబగుంటలో జరిగినదాన్నే తర్వాత ‘ఆడవాళ్లు ఏకమైతే’ అని పాఠంగా వేశారు. మిగతా ఊళ్లను లేపింది అది. అది కల్పన కాదు, పక్కూరి వార్త.

పెన్నా ఒడ్డు: మంట ముందుదే, కాదనను. కానీ ఎవరింటి మంట వాళ్లింట్లోనే ఉండేది, తలరాత అనుకునేవాళ్లు. మొగుణ్ణి తిట్టడం మాని కొట్టు మీదకు పోవాలన్న ఆలోచన కథలోదే.

కావలి మేష్టారు: ఇద్దరూ అసలు పని వదిలేశారబ్బాయా. ఊరూరా తిరిగి ప్రచారం చేసే కళాజాతా నాటికల్లో ఎక్కడ చెడుతుందో చూడండి. తాగుబోతు వేషం బాగా నటించేవాడికిస్తారు. వాడు తూలతాడు, జనం విరగబడి నవ్వుతారు, తెల్లారి పిల్లలు వాడినే అనుకరిస్తారు. పెళ్లాం వేషానికి ఏడుపే మిగులుతుంది. అప్పుడు సారాకు ప్రచారం చేసినట్టే. వాడి వాటా రెండు మూడు నిమిషాలకు కోసి, నిర్ణయం ఆవిడ చేతికివ్వాలి. లెక్క జనం ముందు చెప్పించాలి: కూలెంత, సారాకెంత, బియ్యానికెంత. ఆ ఊరి కూలి రేటు పొద్దున్నే కనుక్కోవాలి, తప్పు చెబితే అక్కడికక్కడే పరువు పోతుంది. ముగింపు ఆడకుండా ఆపి ‘ఇప్పుడేం చెయ్యాలి?’ అని అడగాలి. ముందు మగవాళ్లే అందుకుంటారు; అందుకే ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి వాళ్లనే అడగాలి. మర్నాడు రాత్రి బడి లేకపోతే ఇదంతా వృథా. మళ్లీ కూర్చునే చోటు లేని కోపం రెండ్రోజుల్లో చల్లారుతుంది.

సింగరాయకొండ: సినిమా సంగతేంటి? రామారావు గారు 1983 జనవరిలో గెలిచారు, 1989లో ఓడారు. తెర మీది రాముడు మారలేదు, ఓటు మారింది. 1994లో మళ్లీ గెలిచినప్పుడు చేతిలో మద్యనిషేధం హామీ ఉంది. వేషం ఓటరును పలకరిస్తుంది, అంతే. ఆ నిషేధాన్నీ 1997లో ఎత్తేశారు, ఏ నాటకమూ ఆపలేదు.

పెన్నా ఒడ్డు: మరి తెల్లవాళ్లు 1876లోనే నాటకాల మీద చట్టం ఎందుకు తెచ్చారు? పనిచెయ్యనిదాన్ని ఎవరన్నా నిషేధిస్తారా?

కందుకూరు కుర్రోడు: సర్కారు భయపడిందంటే నాటకం పనిచేసిందని కాదులే అన్నా. ఒకే వాచకం చదివి ఒక ఊరు లేచింది, ఒక ఊరు లేవలేదు. ఆ తేడా ఎక్కడిది?

కావలి మేష్టారు: అప్పుల్లో వెతుకు. వేలంలో కొట్టు పాడుకున్నవాడూ వడ్డీకిచ్చేవాడూ ఒకడే అయితే, కొట్టు మీదకు పోయినామె విత్తనాలకు ఎవరి గడప తొక్కాలి? నాటిక రాసేవాళ్లు ముందు ఆ పాత్రను పెట్టాలి.