మామయ్య ట్రంకు పెట్టెలో దొరికిన కామిక్స్: గ్రేడింగ్‌కి పంపాలా, వద్దా?

హన్మకొండ నుంచి (ప్రశ్న)
అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకొని చదవండి. మొన్న సుబేదారిలో అమ్మమ్మ వాళ్ల పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే సజ్జ మీద రెండు ట్రంకు పెట్టెలు దొరికాయి. ఒకదాంట్లో మా మేనమామ చిన్నప్పటి ఇంద్రజాల్ కామిక్స్, ఇంగ్లీషువి, 110 దాకా ఉన్నాయి, వాటి కింద అమ్మ చదివిన చందమామలు, ఏడాదికొకటి చొప్పున బైండు చేయించినవి. రెండో పెట్టెలో మామయ్య తొంభైల్లో న్యూజెర్సీలో ఉన్నప్పుడు కొన్న అమెరికన్ కామిక్స్ ఓ 60. ఆయన ఇప్పుడు లేరు. పిల్లలు అక్కడే ఉన్నారు, అడిగితే నువ్వే ఉంచుకో బావా అన్నారు.

స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన అమేజింగ్ ఫాంటసీ 15వ సంచిక ఒకటి 2021లో 36 లక్షల డాలర్లకు పోయిందని వీడియోలో చూసినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. హైదరాబాద్‌లో ఒకాయన పుస్తకానికి ఐదు వేలిస్తే అన్నిటికీ గ్రేడింగ్ (పుస్తకం స్థితి చూసి అంకె వేయించడం) చేయించి పెడతా, సగం అడ్వాన్స్ ఇవ్వు అంటున్నాడు. 170 పుస్తకాలకు లెక్కేస్తే ఎనిమిదిన్నర లక్షలు. అంత డబ్బు లేదు, కానీ అప్పు చేసైనా చేయించాలా అని అడుగుతున్నా. నవ్వకండి.

కరీంనగర్ నుంచి
నవ్వట్లేదు తమ్మీ, కానీ ఆ అడ్వాన్స్ మాత్రం ఇవ్వకు. పెట్టెలో ఏమున్నాయో చూడకుండా అన్నిటికీ చేయిస్తా అన్నాడంటే ఆయనకు కావలసింది నీ పుస్తకాలు కాదు. ముందు జాబితా రాసి ఇక్కడ పెట్టు. పేరు, నంబరు, సంవత్సరం. అట్ట లోపలో మొదటి పేజీ అడుగునో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

హన్మకొండ నుంచి
రాత్రంతా కూర్చొని రాశా అన్నా. ముఖ్యమైనవి అనిపించినవి: స్పైడర్‌మ్యాన్ 1 (1990) రెండు కాపీలు, ఎక్స్‌మెన్ 1 (1991) ఐదు రకాల అట్టలతో ఐదూ, సూపర్‌మ్యాన్ 75 నల్ల కవర్లో సీలు తియ్యనిది, న్యూ మ్యూటెంట్స్ 98 (1991), అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 361 (1992). మిగతావన్నీ అక్కడొకటి ఇక్కడొకటి. ఇంద్రజాల్ వాటి మీద చాలావరకు మామయ్య పేరు, క్లాసు, సెక్షన్ బాల్ పెన్‌తో రాసి ఉన్నాయి. కొన్నిటి మీద అద్దె లైబ్రరీ ముద్ర కూడా ఉంది, అంటే తిరిగి ఇవ్వలేదన్నమాట.

కాజీపేట నుంచి
నేను ఇరవై ఏళ్లుగా కామిక్స్ పోగేస్తున్నా. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల కోసం తెల్లారుజామున రైలెక్కిన రోజులున్నాయి. కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

గ్రేడింగ్ అంటే పుస్తకం ఎంత గొప్పదో చెప్పేది కాదు, ఏ స్థితిలో ఉందో చెప్పేది. అమెరికాలో సీజీసీ అనే కంపెనీ 2000 నుంచి చేస్తోంది, తర్వాత సీబీసీఎస్ వచ్చింది. పేజీలన్నీ ఉన్నాయా, ఎక్కడైనా రంగు పూశారా, అంచు కోశారా అని చూసి 0.5 నుంచి 10 వరకు ఒక అంకె ఇస్తారు. తర్వాత గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేసి, పైన అంకె, నంబరు ఉన్న చీటీ పెడతారు. దీన్ని స్లాబ్ అంటారు. మన ఇంటి మీద పోసే స్లాబ్ కాదు కానీ, ఒకసారి వేశాక తియ్యాలంటే పగలగొట్టడమే, ఆ విషయంలో రెండూ ఒకటే. లోపలి పుస్తకం ఇక చదవలేవు.

ఎప్పుడు లాభం? కొనేవాడు నీకు తెలియని మనిషైనప్పుడు, దూరాన ఉన్నప్పుడు, పైగా ఆ పుస్తకానికి 9.4కీ 9.8కీ మధ్య ధర బాగా మారేటప్పుడు. ఈ మూడూ కుదరకపోతే గ్రేడింగ్ ఖర్చు పుస్తకం మీద ఎక్కదు, నీ నెత్తి మీద ఎక్కుతుంది.

ఇక నీ జాబితా. చూడగానే కళ్లు చెదిరేవే ఎందుకూ కొరగానివి. ఎక్స్‌మెన్ 1 ఎనభై లక్షల కాపీలకు పైగా అమ్ముడుపోయింది, అది రికార్డు. కొన్నవాళ్లందరూ రేపు కోట్లొస్తాయని పదిలంగా దాచుకున్నారు, అందుకే ఇవాళ కూడా మెరిసిపోతూ ఎక్కడపడితే అక్కడ దొరుకుతోంది. స్పైడర్‌మ్యాన్ 1 కూడా అంతే, లక్షల్లో అచ్చయింది. సూపర్‌మ్యాన్ చనిపోయే ఆ 75వ సంచిక కోసం 1992లో షాపుల ముందు లైన్లు కట్టారు, మీ మామయ్య కూడా ఆ లైన్లో నిలబడి ఉంటాడు. ఈ మూడిటికీ గ్రేడింగ్ చేయిస్తే పెట్టిన ఖర్చు తిరిగి రావడం కష్టం. చిన్న రంధ్రం ఉన్నా ఆ నల్ల కవరు అలాగే ఉంచు, అది తీస్తే ఉన్న కాస్త విలువా పోతుంది.

చూడాల్సినవి రెండే. న్యూ మ్యూటెంట్స్ 98లో డెడ్‌పూల్ మొదటిసారి వస్తాడు. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 361లో కార్నేజ్ అనే విలన్ మొదటిసారి పూర్తిగా కనిపిస్తాడు. 361 ముందు అట్ట మీద బొమ్మ వెనక ఉన్న రంగు వెండిలా మెరుస్తుంటే అది రెండో ముద్రణ, ధర వేరు. అలాగే అట్ట మీద బార్‌కోడ్ ఉండే గడిలో గీతలున్నాయా, బొమ్మ ఉందా చూడు. గీతలుంటే పత్రికల స్టాండులో అమ్మింది, బొమ్మ ఉంటే కామిక్స్ షాపుకి వెళ్లింది. స్టాండువి చేతులు మారి నలిగిపోతాయి కాబట్టి మంచి స్థితిలో ఉన్నవి తక్కువ, కొందరు వాటికి ఎక్కువే ఇస్తారు.

మంచిర్యాల నుంచి
అన్న చెప్పిన దాంతో కొంచెం తేడా పడుతున్నా. గ్రేడింగ్ అంటే అమ్మకం కోసమే అన్నట్టు రాశారు. నేను ఒకటి చేయించా, అమ్మే ఉద్దేశం లేదు. మా ఇంట్లో చిన్నపిల్లలు, పైన వానాకాలం చెమ్మ. గట్టి పెట్టెలో ఉంటే నాకు టెన్షన్ లేదు, గోడకు పెట్టుకున్నా బాగుంటుంది. డబ్బు లెక్కలోనే చూస్తే నష్టమే, ఒప్పుకుంటా.

కాజీపేట నుంచి
మీ తృప్తికి చేయించుకుంటే ఎవరు కాదంటారు. కానీ ఆ పెట్టె గాలి చొరబడనిది కాదు, చెమ్మ లోపలికి పోతుంది. గోడ మీద ఎండ పడితే అట్ట రంగు వెలుస్తుంది కూడా. పెట్టె ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ఇంకోటి, స్లాబ్ కొనేటప్పుడు చీటీ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి ఫొటోతో పోల్చుకోండి. పెట్టె తెరిచి లోపల నాసి పుస్తకం పెట్టి అమ్మిన కేసులు అమెరికాలోనే బయటపడ్డాయి.

హన్మకొండ నుంచి
న్యూ మ్యూటెంట్స్ తీసి చూశా. వెన్ను దగ్గర నాలుగు చిన్న తెల్ల గీతలు, కింది మూల కొంచెం మడత, అట్ట అలలు తిరిగినట్టుంది. 361 మాత్రం కొత్తదానిలా ఉంది, వెండి మెరుపు లేదు. అన్నా ఒక పిచ్చి ప్రశ్న, పైన గుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టెతో మెల్లగా రుద్దితే ఆ అలలు పోవా?

కాజీపేట నుంచి
వద్దు వద్దు వద్దు. అట్ట మీది మెరుపు గుడ్డకు అంటుకొని వస్తుంది. ప్రెస్సింగ్ అని దానికి వేరే పని ఉంది, వేడీ తేమా ఒత్తిడీ కొలత ప్రకారం ఇచ్చే యంత్రం మీద చేస్తారు, గ్రేడింగ్ కంపెనీలు కూడా విడిగా ఫీజు తీసుకొని చేయిస్తాయి. అలలు పోతాయి, రంగు విరగని మడత కూడా పోవచ్చు. నువ్వు తెల్ల గీతలు అన్నావు చూడు, అక్కడ రంగు పగిలి లోపలి కాగితం కనపడుతోందన్నమాట, అది ఎవరూ పోగొట్టలేరు. స్కెచ్ పెన్‌తో నలుపు పూసి కప్పేద్దామనిపిస్తుంది, నేను ఒకప్పుడు ఆ పని చేసి ఏడ్చా. రంగు పూసినట్టు కనిపెడితే సీజీసీ మామూలుగా ఇచ్చే నీలం చీటీ బదులు ఊదా రంగు చీటీ ఇస్తుంది, దాన్ని చూడగానే కొనేవాళ్లు వెనక్కి పోతారు. తుప్పు పట్టిన పిన్నులు మార్చకు. సెల్లోటేపు ఉంటే పీకకు.

లోపల ఏదైనా కత్తిరించారేమో ప్రతి పేజీ తిప్పి చూడు. 1974 నాటి ఇంక్రెడిబుల్ హల్క్ 181లో వుల్వరిన్ పూర్తిగా మొదటిసారి వస్తాడు, చాలా ఖరీదైన సంచిక, కానీ అందులో ఒక చిన్న స్టాంపు బొమ్మ ఉంటుంది, పిల్లలు దాన్ని కత్తిరించి ఆల్బమ్‌లో అతికించుకునేవాళ్లు. ఆ అంగుళం ముక్క లేకపోతే ధర దారుణంగా పడిపోతుంది.

జగిత్యాల నుంచి
మరి ఇంద్రజాల్ సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు వాటి మీదే మనసు.

కాజీపేట నుంచి
వస్తున్నా. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు 1964 మార్చిలో ఫాంటమ్ కథతో మొదలుపెట్టి 1990 దాకా నడిపారు. మొదట్లో అన్నీ ఫాంటమ్‌వే, తర్వాత మాండ్రేక్, ఫ్లాష్ గార్డన్ కలిశారు, 1976లో మన దేశపు హీరో బహదూర్ వచ్చాడు. కొన్నేళ్లకు అట్ట మీద వరుస నంబరు పోయి సంపుటి, సంచిక అని రాయడం మొదలైంది, జాబితా రాసేటప్పుడు అక్కడ తికమక పడకు. తొలి నంబర్లు, అట్టలు పోకుండా ఉన్నవి మాత్రం వెతుక్కుంటూ వచ్చి కొంటారు. కొనేవాళ్లు దాదాపు అందరూ ఇక్కడివాళ్లే, పుస్తకం చేతిలోకి తీసుకొని, పేజీలు లెక్కపెట్టి, వాసన చూసి మరీ కొనే రకం. వాళ్లకు ప్లాస్టిక్ పెట్టె అడ్డమే. మామయ్య పేరూ సెక్షనూ ఉన్నా పెద్దగా పట్టించుకోరు, మధ్య పేజీ లేకపోతే మాత్రం పట్టించుకుంటారు.

ఎవరి దగ్గరైనా అమర్ చిత్ర కథలుంటే ఒక మాట. అవి ఒక్కోటి ఎన్నిసార్లు అచ్చయ్యాయో లెక్క లేదు. వెనక ఉన్న పుస్తకాల జాబితాలో చివరి నంబరు, నీ చేతిలో ఉన్నదాని నంబరు కన్నా బాగా ఎక్కువుంటే అది తర్వాతి ముద్రణ. అట్ట మీద ధర చూసినా తెలిసిపోతుంది.

చందమామల బైండు సంగతి చెప్తే బాధపడతావేమో. బైండింగ్ షాపులో మూడు వైపులా కట్టరుతో కోసి సాపు చేస్తారు కదా, గ్రేడింగ్ లెక్కలో అది కోత కిందికే వస్తుంది. కాబట్టి ఆ ఆలోచనే పెట్టుకోకు. 1947 జులైలో మొదలైన పత్రిక మన ఇళ్లలో ఇన్నాళ్లు బతికి ఉందంటే ఆ బైండు వల్లే, విడివిడిగా ఉన్నవి కిరాణా కొట్టులో పొట్లాలైపోయాయి. విడదీసి అమ్మమని ఎవరైనా చెప్తే వినకు. అమ్మకే ఇచ్చెయ్.

నయీంనగర్ నుంచి
అమ్మడం సంగతి తర్వాత తమ్ముడూ, ముందు ఆ పెట్టెల్ని నేల మీద పెట్టావా? 2020 ఆగస్టు వానలకు మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి, కింది అరలో ఉన్న పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. అప్పట్నుంచి నడుము ఎత్తుకు కింద ఒక్క పుస్తకం పెట్టను. ఇనుప ట్రంకు వానాకాలంలో లోపల చెమరుస్తుంది, తుప్పు అట్టలకు అంటుతుంది, అందులో వద్దు. పాలీప్రొపిలీన్ కవర్లు, వెనక ఆమ్లం లేని అట్ట ముక్క పెట్టి, గట్టి అట్టపెట్టెలో నిలబెట్టు, ఒకదాని మీద ఒకటి దొంతర్లుగా వద్దు. మెత్తగా సాగే పీవీసీ కవర్లు కొనకు, కొన్నాళ్లకు జిగురు కారతాయి. లామినేషన్ అసలే వద్దు. సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడల్లా మార్చు. కలరా ఉండలు పుస్తకానికి తగిలేలా పెట్టకు. వేపాకు ఎండబెట్టి పెడితే చాలంటుంది మా అత్తమ్మ, ఆమె చీరలకు పనిచేసింది, నా పుస్తకాలకు పనిచెయ్యలేదు. గోడకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టి నెలకోసారి తెరిచి చూస్తేనే చెదా వెండిపురుగూ దొరికేది.

హన్మకొండ నుంచి
నేల మీదే పెట్టా అక్కా. ఇప్పుడే మంచం మీదికి ఎత్తా. కవర్లు ఏ సైజు?

నయీంనగర్ నుంచి
అమెరికన్‌వి ఆ కాలంవైతే పుస్తకమే వెడల్పు ఆరున్నర అంగుళాల పైచిలుకు, పొడవు పదింపావు, కవరు అంతకన్నా కొంచెం పెద్దది చూడు. ఇంద్రజాల్ మాత్రం టేపు పెట్టి కొలుచుకో, అన్ని ఏళ్లవీ ఒకే సైజు కాదు.

కాజీపేట నుంచి
చివరగా ఖర్చు లెక్క. ఫీజు పుస్తకం విలువను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది, సైట్‌లో చూసుకో. ఊరికే లెక్క కోసం ఫీజు, ప్రెస్సింగ్, రానుపోను కొరియర్, ఇన్సూరెన్స్, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ అన్నీ కలిపి పుస్తకానికి 9,000 అనుకో. గ్రేడింగ్ లేకుండా 12,000 వచ్చేది, గ్రేడింగ్‌తో 18,000 వస్తే నువ్వు 3,000 పోగొట్టుకున్నట్టు. అదే 40,000 వస్తే పంపొచ్చు. ధర చూసేటప్పుడు ఎంతకు అమ్ముతామని పెట్టారో కాదు, ఎంతకు అమ్ముడుపోయిందో చూడు, అదీ నీ స్థితికి దగ్గరి అంకెతో ఉన్నవి. 2021లో ఎగిరిన ధరలు తర్వాత దిగాయి, పాత వీడియోలు నమ్మకు.

నీకున్న అదృష్టం, మీ మామయ్య పిల్లలు అక్కడే ఉన్నారు. ఎవరైనా వచ్చినప్పుడు రెండు పుస్తకాలూ చేతి సంచిలో తీసుకెళ్తే రానుపోను కొరియరూ తిరుగు కస్టమ్సూ రెండూ తప్పుతాయి. అక్కడే గ్రేడింగ్, అక్కడే అమ్మకం. కవర్లో పెట్టి, రెండు వైపులా పుస్తకం కన్నా కొంచెం పెద్ద గట్టి అట్టలు పెట్టి, టేపు అట్టలకే వెయ్, కవరుకు తగలనివ్వకు.

హన్మకొండ నుంచి
అందరికీ థ్యాంక్స్. మరదలు దసరాకి వస్తోంది, ఫోన్ చేసి అడిగా, తీసుకెళ్తానంది. 361 పంపుతున్నా. న్యూ మ్యూటెంట్స్ గురించి ఆ స్థితిలో అమ్ముడుపోయినవి ఓ పది చూసి తేలుస్తా. హైదరాబాద్ ఆయనకు వద్దని చెప్పేశా, వెంటనే రేటు మూడు వేలకు దిగింది. చందమామలు అమ్మ పట్టుకెళ్లిపోయింది, అడగను కూడా అడగలేదు. ఎక్స్‌మెన్ ఐదూ మా చిన్నోడికి చదువుకోమని ఇచ్చా.

జగిత్యాల అన్నా, ఇంద్రజాల్‌లో ఏడు రెండేసి కాపీలున్నాయి, వాటిలో మూడు బహదూర్. అమ్మను, మార్పిడికైతే సరే. మీ దగ్గర ఏవి ఎక్కువున్నాయో నంబర్లు పెట్టండి.