పగటి సౌర విద్యుత్తు, సాయంత్రపు లోటు: నిల్వ ముందా, వాడకం మళ్లింపు ముందా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:
మధ్యాహ్నం సౌర విద్యుత్తు పుష్కలంగా వస్తోంది, పొద్దుగూకేసరికి సున్నా అవుతోంది. ఇళ్లలో ఫ్యాన్లూ ఏసీలూ జోరందుకునేది సరిగ్గా అప్పుడే. ఈ తేడాను పూడ్చడానికి పంప్డ్ స్టోరేజీ (మిగులు కరెంటుతో నీటిని పై జలాశయానికి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి విద్యుత్తు తీయడం), బ్యాటరీల మీద వేల కోట్లు వెచ్చించే ముందు సాగు మోటార్లన్నిటినీ పగటివేళకు మళ్లించడమే చవకైన మార్గమని నా అభిప్రాయం. బోరు తోడిన నీరు పొలంలోనే ఉంటుంది కాబట్టి అది కూడా ఒక రకమైన నిల్వే కదా?

థర్మల్ కేంద్రంలో పనిచేసి విరమించిన సభ్యుడు:
మీ మాట మధ్యాహ్నపు మిగులుకు సరిపోతుంది, సాయంత్రపు లోటుకు కాదు. ఏడు గంటలకు కావలసిన కరెంటు కోసం బొగ్గు యూనిట్లను మధ్యాహ్నమంతా తక్కువ లోడుతోనైనా నడుపుతూనే ఉండాలి. ఒకసారి పూర్తిగా చల్లారిన బాయిలరును తిరిగి లోడు మీదికి తేవడానికి గంటల తరబడి పడుతుంది. యూనిట్లను వాటి సామర్థ్యంలో 55 శాతం దాకా దించగలగాలన్నది నిబంధన. దాన్ని క్రమంగా 40 శాతానికి తేవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నిర్దేశించింది. అలా దించి ఎక్కించే ప్రతిసారీ బాయిలరు ట్యూబులు ఎంత అలసిపోతాయో కంట్రోల్ రూములో కూర్చున్నవారికే తెలుసు. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశమంతా దీపాలు ఆర్పినప్పుడు డిమాండు సుమారు 31,000 మెగావాట్లు పడిపోయినా ఫ్రీక్వెన్సీ (సరఫరా, వాడకం సమంగా ఉన్నాయో లేదో చూపే గ్రిడ్ కొలత) అదుపు తప్పలేదంటే, ఆ భారంలో పెద్ద వాటాను మోసింది జల విద్యుత్ కేంద్రాలే. నిమిషాల్లో స్పందించే అలాంటి యంత్రాలే మనకు కావాలి.

రాయలసీమ రైతు సభ్యుడు:
పగటి కరెంటును కాదనే రైతు ఉండడు; అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని, పాములను తప్పించుకుంటూ మోటారు దగ్గరికి వెళ్లే బాధ మాది. అయితే మా ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి మా పొలాలకు వచ్చే లైను) మీద త్రీఫేజు రాగానే, కరెంటు వస్తే తమంతట తామే తిరిగే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి, పోయిన వేసవిలో మా ట్రాన్స్‌ఫార్మరు రెండుసార్లు కాలిపోయింది. ఫీడర్లను వంతులవారీగా విడగొట్టి, ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యం పెంచకుండా అందరినీ మధ్యాహ్నానికే తోస్తే చివరికి నష్టపోయేది మేమే.

చర్చ ప్రారంభించిన సభ్యుడు:
రైతు సోదరుని అభ్యంతరం న్యాయమైనదే, ఆ ఖర్చును నేను లెక్కలోకి తీసుకోలేదు. కానీ విరమించిన పెద్దాయన గారికి నాదొక ప్రశ్న. పంప్డ్ స్టోరేజీలో నీటిని పైకి ఎక్కించడానికి 100 యూనిట్ల కరెంటు వాడితే తిరిగి వచ్చేది 75 నుంచి 80 మాత్రమే. మధ్యాహ్నం నేరుగా మోటారులో వాడిన యూనిట్‌కు ఆ నష్టం లేదు. పైగా శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు (విద్యుత్తు తీయడానికీ, నీటిని పైకి తోడడానికీ రెండింటికీ పనికొచ్చే యంత్రాలు) ఆరు ఇప్పటికే ఉన్నాయి, నాగార్జునసాగర్‌లోనూ అలాంటివి ఉన్నాయి. వాటిని పంపింగుకు పూర్తిగా వాడుకోకుండా కొత్తవి కట్టడం దేనికి?

విరమించిన సభ్యుడు:
అక్కడ అడ్డం యంత్రాలు కావు, నీళ్లు. దిగువన తగినంత మట్టం లేకపోతే పైకి తోడేదేమీ ఉండదు. కృష్ణా జలాల మీద రెండు రాష్ట్రాల మధ్య ఉన్న పేచీ మీకు తెలియనిది కాదు. నదితో నిమిత్తం లేకుండా రెండు జలాశయాల మధ్యే నీరు తిరిగే పిన్నాపురం తరహా ప్రాజెక్టులు, అక్కడ 1,680 మెగావాట్లు, అందుకే ముఖ్యం. ఇంకొకటి: జూన్ నుంచి సెప్టెంబరు దాకా సీమలో గాలి బాగా వీస్తుంది, రాత్రిళ్లు కూడా పవన విద్యుత్తు వస్తుంది, వానలు పడితే అప్పుడు మోటార్లే ఆగిపోతాయి. ఆ మిగులును ఏ పొలానికి మళ్లిస్తారు?

రైతు సభ్యుడు:
వాన పడితే అన్నారు చూశారూ, మా అనంతపురం వైపు ఆ మాటే నమ్మలేం. పడకపోతే ఆ నెలల్లోనే వేరుశనగను కాపాడుకోవడానికి మోటార్లు ఎక్కువ తిరుగుతాయి. రబీలో మాత్రం ఆకాశం తేటగా ఉంటుంది, మాకు నీరూ కావాలి. ఫీడర్లు బాగుచేస్తే రబీ నాలుగు నెలలు పగటి కరెంటుకే కట్టుబడి ఉంటాం.