సారాభాయ్ అక్కర్లేదన్న మానవయాత్ర మనకిప్పుడు ఎందుకు? గగన్‌యాన్ తర్వాత ఏంటి?

ఒంగోలు లెక్కల సారు:

అందరికీ నమస్కారం. మనిషిని అంతరిక్షంలోకి పంపడం అవసరమా అని మా పదో తరగతి పిల్లలతో చర్చ పెట్టాను. ఒక అమ్మాయి లేచి, "సార్, 1969లోనే చంద్రుడి మీద నడిచారు కదా, 1972 తర్వాత ఒక్కరు కూడా దిగలేదు, అప్పుడు చేతనైన పని ఇన్నేళ్ళుగా ఎందుకు చేతకాలేదు?" అని అడిగింది. డబ్బు, రాజకీయం అని చెప్పాను గానీ ఆ జవాబు ఆమెకీ చాల్లేదు, నాకూ చాల్లేదు.

దానికి తోడు ఇంకో సందేహం. మన కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ అప్పట్లోనే స్పష్టంగా చెప్పారు, చంద్రుడి మీదకి వెళ్ళడంలోనో మనుషుల్ని పంపడంలోనో పెద్ద దేశాలతో పోటీపడాలన్న ఊహ మనకి లేదని. 1984లో రాకేశ్ శర్మ గారు వెళ్ళింది సోవియట్ రాకెట్‌లో. మరి 2018 ఆగస్టు 15న ఎర్రకోట మీద, మన రాకెట్‌లోనే మన మనుషుల్ని పంపే గగన్‌యాన్ ప్రకటించేనాటికి ఏం మారింది? 2022 కల్లా అన్నారు, అది దాటిపోయింది. ఖర్చు ఇప్పుడు 20,193 కోట్లు. అమెరికా వాళ్ళలాగే మనమూ ఒకసారి పంపించి, జెండా ఊపి, ఆపేస్తామేమో అని నాకు నిజంగా భయంగా ఉంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, పిల్లలకి చదివి వినిపిస్తాను.

శూన్యం:

సార్, ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి. వాళ్ళు చేతకాక ఆగలేదు, ఆపేశారు, అది కూడా ఆర్మ్‌స్ట్రాంగ్ దిగకముందే ఆపడం మొదలుపెట్టారు.

1961 ఏప్రిల్ 12న సోవియట్ వ్యోమగామి గగారిన్ 108 నిమిషాల్లో భూమిని చుట్టి వచ్చాడు. అదే నెలలో క్యూబా మీద అమెరికా చేయించిన దాడి బెడిసికొట్టింది. కెనెడీ అప్పుడు ఉపాధ్యక్షుడు జాన్సన్‌కి ఒక చిన్న నోట్ రాశాడు, అంతరిక్షంలో మనం గెలవగలిగే పని ఏదైనా ఉందా అని. మే 5న అమెరికా వ్యోమగామి షెపర్డ్ పావుగంట పైకెళ్ళి కిందికొచ్చాడు. మే 25న కెనెడీ అమెరికా పార్లమెంటులో (దాన్నే కాంగ్రెస్ అంటారు) నిలబడి ఈ దశాబ్దం లోపల చంద్రుడి మీద మనిషిని దించుతామన్నాడు. అంటే ఆ మాట అనేటప్పటికి మనిషిని పంపడంలో వాళ్ళకున్న అనుభవం మొత్తం ఆ పావుగంటే! మరుసటి ఏడాది నాసా అధిపతి వెబ్‌తో జరిగిన మీటింగ్ రికార్డింగ్ ఉంది, అందులో కెనెడీ రష్యావాళ్ళని దాటడమే ముఖ్యం, లేకపోతే నాకు అంతరిక్షం మీద అంత ఆసక్తి లేదని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

లక్ష్యం గెలుపు అయినప్పుడు గెలిచాక ఏం చెయ్యాలో ఎవరూ రాసిపెట్టుకోరు. 1966లో నాసాకి అమెరికా కేంద్ర బడ్జెట్‌లో 4 శాతానికి పైగా ఇచ్చారు, తర్వాత ప్రతి ఏడూ కోతే (ఇప్పుడు అర శాతం కూడా లేదు). వియత్నాం యుద్ధం ఒక పక్క, ఇంట్లో అల్లర్లు ఒక పక్క. చంద్రుడి దాకా మోసే శాటర్న్-5 రాకెట్లు పదిహేనుతో చాలు, ఇక కట్టొద్దని 1968లోనే నిర్ణయించారు. 1970లో చంద్రుడి మీదకి వెళ్ళాల్సిన అపోలో 18, 19, 20 యాత్రలు రద్దు. చంద్రుడి దాకా వెళ్ళాల్సిన రాకెట్ ఒకటి హ్యూస్టన్‌లో సందర్శకులు చూడ్డానికి పడుకోబెట్టి ఉంది.

ఆ తర్వాత కథ ఇంకా బాధగా ఉంటుంది. 1972 జనవరిలో నిక్సన్ మళ్ళీ మళ్ళీ వాడుకునే నౌక స్పేస్ షటిల్‌కి ఒప్పుకున్నాడు, తక్కువ ఖర్చులో తరచూ ఎగురుతుందన్నారు, ముప్పై ఏళ్ళలో ఎగిరింది 135 సార్లు. ఛాలెంజర్, కొలంబియా ప్రమాదాల్లో 14 మంది పోయారు, మన కల్పనా చావ్లాతో సహా. 1989లో పెద్ద బుష్ మళ్ళీ చంద్రుడు, ఆపైన అంగారకుడు అన్నాడు, ఖర్చు 500 బిలియన్ డాలర్ల అంచనా వచ్చేసరికి కాంగ్రెస్ దాన్ని పట్టించుకోలేదు. 2004లో చిన్న బుష్ 2020 కల్లా చంద్రుడి మీదకి అన్నాడు, 2010లో ఒబామా దాన్ని కొట్టేశాడు, 2017 డిసెంబరులో ట్రంప్ మళ్ళీ చంద్రుడే అన్నాడు. మనుషుల్ని మోసే పెద్ద రాకెట్, నౌక తయారవ్వాలంటే పదేళ్ళు పైనే పడుతుంది, అధ్యక్షుడు ఉండేది నాలుగేళ్ళు, మహా అయితే ఎనిమిది. ఒకరు పునాది తవ్వితే ఇంకొకరొచ్చి పూడ్చేస్తుంటే ఇల్లెప్పుడు లేస్తుంది?

నిలబడింది ఒక్కటే, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. అదీ 1993లో అమెరికా ప్రతినిధుల సభలో ఒక్క ఓటు తేడాతో బతికింది. ఆ ఏడాదే రష్యాని కలుపుకున్నారు, యూరప్, జపాన్, కెనడా అప్పటికే ఉన్నాయి. ఇంతమందికి మాటిచ్చాక మధ్యలో వదిలేయడం కష్టమైపోయింది. 2000 నవంబరు నుంచి అక్కడ మనుషులు లేని రోజు లేదు. నా మటుకు నాకు ఇందులో చంద్రయాత్ర కంటే నేర్చుకోవలసింది ఎక్కువ ఉందనిపిస్తుంది.

రోబో చాలు:

చరిత్ర బాగా చెప్పారు, కానీ అసలు మనిషి ఎందుకు అనేదానికి జవాబు రాలేదు. చంద్రయాన్-3కి అయింది సుమారు 615 కోట్లు, 2023 ఆగస్టు 23న దక్షిణ ధ్రువం దగ్గర దిగి చూపించాం, ప్రపంచం మొత్తం చూసింది. నాసా రోవర్ క్యూరియాసిటీ 2012 నుంచి అంగారకుడి మీద తిరుగుతూనే ఉంది, దానికి తిండి అక్కర్లేదు, గాలి అక్కర్లేదు, వెనక్కి తీసుకురావాల్సిన పని లేదు. 20 వేల కోట్లతో ఎన్ని చంద్రయాన్‌లు పంపొచ్చో లెక్కల సారే పిల్లలతో భాగహారం చేయించొచ్చు. మనిషి వెళ్ళేది ఎక్కువగా దేశం పేరు కోసమే. పేరు కోసం అని ఒప్పుకుంటే నాకు గొడవ లేదు, సైన్స్ కోసం అంటేనే అభ్యంతరం.

శూన్యం:

మీ అభ్యంతరంలో సగం ఒప్పుకుంటాను. మిగతా సగానికి ఒక లెక్క. అపోలో ఆరు సార్లు దిగి తెచ్చిన రాళ్ళూ మట్టీ 382 కిలోలు. అదే కాలంలో సోవియట్ లూనా యంత్రాలు మూడు సార్లు వెళ్ళి తెచ్చింది మూడొందల గ్రాముల పైచిలుకు. అపోలో-17లో వెళ్ళిన హారిసన్ ష్మిట్ స్వయంగా భూగర్భ శాస్త్రవేత్త, నడుస్తూ నడుస్తూ కాలి కింద నారింజ రంగు మట్టి కనపడితే ఆగి తవ్వాడు, అది పాత అగ్నిపర్వతం చిమ్మిన గాజు రేణువులని తేలింది. అయితే మీ వైపు మాట కూడా చెప్పాలి, చైనా చాంగ్-ఎ యంత్రాలు 2020లో, 2024లో కలిపి మూడున్నర కిలోలకి పైగా తెచ్చాయి, రెండోసారి చంద్రుడి అవతలి వైపు నుంచి తెచ్చాయి. రోబోలు వేగంగా మెరుగవుతున్నాయి. అందుకే సైన్స్ ఒక్కటే కారణంగా చూపిస్తే మానవయాత్ర వాదన ఏటేటా బలహీనపడుతుంది, అది నిజమే.

పులికాట్:

మాది సూళ్లూరుపేట వైపు, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) నుంచి ఏది లేచినా మా డాబా మీదకి కనిపిస్తుంది. ఆలస్యం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే 2022 దాటిందని అందరూ ఇస్రోని అనేస్తుంటారు, కరోనా సంగతి అటుంచినా అసలు పని ఎక్కడుందో చాలామంది చూడరు.

ఉపగ్రహం పోతే నష్టమే గానీ, ఇంకోటి కడతాం. మనిషి ఎక్కితే రాకెట్ పేలినా మనిషి బతకాలి, మొత్తం డిజైన్ అక్కడి నుంచే మొదలవుతుంది. 1983 సెప్టెంబరులో సోవియట్ ప్రయోగ కేంద్రం బైకనూర్‌లో సోయుజ్ రాకెట్ లాంచ్ ప్యాడ్ మీదే మంటల్లో చిక్కుకుంది, పైన ఉండే ఎస్కేప్ టవర్ మండి ఇద్దరు వ్యోమగాముల్ని క్యాప్సూల్‌తో సహా లాగి దూరంగా పడేసింది, కాసేపటికే కింద రాకెట్ పేలిపోయింది. ఆ ఇద్దరిలో ఒకాయన గెన్నాడీ స్ట్రెకలోవ్. ఆరు నెలలు తిరగ్గానే, 1984 ఏప్రిల్‌లో, అదే స్ట్రెకలోవ్ రాకేశ్ శర్మ గారితో ఒకే నౌకలో కూర్చుని సాల్యూత్-7 అనే సోవియట్ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళాడు! ఈ సంగతి పిల్లలకి తప్పకుండా చెప్పండి సార్. షటిల్‌లో అలాంటి టవర్ లేదు, ఛాలెంజర్‌లో ఏడుగురికి తప్పించుకునే దారే లేకపోయింది.

మన టవర్‌ని 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో పరీక్షించారు, టీవీ-డీ1 అని. ఇంకా అయిదు సెకన్లు ఉందనగా కంప్యూటర్ ఆపేసింది. అందరం టెన్షన్‌తో నిలబడిపోయాం, మా పక్కన ఒకాయన ఇవాళ్టికి ఇంతే అని ఇంటికెళ్ళిపోయాడు కూడా. కారణం వెతికి సరిచేసి పది గంటలకి వదిలారు, క్యాప్సూల్ పారాచూట్లతో సముద్రంలో దిగితే నేవీ వాళ్ళు తెచ్చారు. అనుమానం వస్తే ఆగిపోవడమే దాని పని, ఆగింది. తర్వాత లోపల గాలి, తేమ, వేడి చూసుకునే వ్యవస్థ ఉంది, బయటి దేశాల నుంచి కొందామంటే దొరకలేదు, మనమే తయారుచేసుకుంటున్నామని ఇస్రో అధిపతిగా ఉన్నప్పుడు సోమనాథ్ గారే చెప్పారు. తేదీ కోసం వీళ్ళని తొందరపెట్టడం నాకు అస్సలు నచ్చదు.

ఒంగోలు లెక్కల సారు:

స్ట్రెకలోవ్ సంగతి నేనెప్పుడూ వినలేదు, చాలా థాంక్సండీ. కానీ సారాభాయ్ గారి మాట అలాగే ఉండిపోయింది. ఆయన మాటకి మనం ఎదురెళ్తున్నామా?

టెక్సాస్ తెలుగు:

నా అభిప్రాయం చెప్తానండీ. ఆయన మాటని సగం చదివితే ఎదురెళ్తున్నట్టే ఉంటుంది. పోటీ కోసం వద్దు, కానీ మన సమస్యలకి ఆధునిక టెక్నాలజీ వాడటంలో ఎవరికీ తీసిపోకూడదు అన్నది మిగతా సగం. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి టీవీ పాఠాలు చూపించారు, అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, అది ఆయన కల, చూడకుండానే 1971లో పోయారు. ఇవాళ తుపాను ఎక్కడ తీరం దాటుతుందో ముందే తెలిసి జనాన్ని తరలిస్తున్నామంటే అందులో ఆ బాటలో వచ్చిన ఉపగ్రహాల పాత్ర చాలా ఉంది. ఆయన ముందు పెట్టమన్న పనులు ముందు పెట్టాం. యాభై ఏళ్ళ తర్వాత మానవయాత్ర మొదలుపెడితే ఆయన్ని కాదన్నట్టు నాకనిపించదు.

ఇక ఇప్పుడే ఎందుకు అంటే, నాకు బలంగా కనిపించే కారణం నియమాలు. 1967 అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుడు ఏ దేశానికీ సొంతం కాదు. కానీ అక్కడ తవ్వితీసిన నీరు, ఖనిజాలు ఎవరివి అన్నదాని మీద ఆ ఒప్పందం స్పష్టంగా చెప్పదు. 2015లో అమెరికా తన కంపెనీలకి ఆ హక్కు ఇస్తూ చట్టం చేసుకుంది. 2020లో చంద్రుడి మీద దేశాలు ఎలా నడుచుకోవాలో చెప్పే ఆర్టెమిస్ ఒప్పందాలు పెట్టింది, మనం 2023 జూన్‌లో సంతకం చేశాం. చైనా అందులో లేదు, చైనాతో నాసా నేరుగా కలిసి పనిచేయకుండా 2011 నుంచి అమెరికా చట్టమే అడ్డుంది, వాళ్ళు తియాంగాంగ్ అనే అంతరిక్ష కేంద్రం సొంతంగా కట్టుకున్నారు. 2030 కల్లా చంద్రుడి మీద మనిషిని దించుతామంటున్నారు. అణ్వస్త్రాల విషయంలో ఏం జరిగిందో గుర్తుందిగా, 1967 జనవరి 1కి ముందు పరీక్ష చేసినవాళ్ళే అణుదేశాలని గీత గీశారు, మనం చేసింది 1974లో, బయట ఉండిపోయాం. అంతరిక్షంలో అలాంటి గీత గీసే రోజుకి మనం లోపల ఉండాలి. దీన్ని పేరు కోసం అంటే నేను ఒప్పుకోను.

రోబో చాలు:

ఈ కారణం నాకు కొంత అర్థమైంది. అయినా డబ్బు విషయంలో నా అనుమానం పోలేదు, మొదటి యాత్ర అయ్యాక టీవీలు వేరే వార్తకి వెళ్ళిపోతాయి, ఇస్రో బడ్జెట్‌ని ఎవరు అడుగుతారు?

శూన్యం:

సరిగ్గా అక్కడే చూడాలి, నేను ఇంత చరిత్ర చెప్పింది కూడా అందుకే. మొదటిసారి ఎవరు వెళ్తారు, ఏ తేదీన అన్నది నాకు అంత ముఖ్యం కాదు. శుభాంశు శుక్లా 2025 జూన్‌లో యాక్సియం-4 అనే ప్రైవేటు యాత్రతో అంతరిక్ష కేంద్రానికి వెళ్ళి పద్దెనిమిది రోజులు అక్కడే ఉండి పనిచేశాడు, ఆ అనుభవం మన దగ్గరుంది. చూడాల్సింది రెండో యాత్ర, అయిదో యాత్ర. 2018లో పెట్టిన 9,023 కోట్లని 2024 సెప్టెంబరులో 20,193 కోట్లకి పెంచినప్పుడు క్యాబినెట్ ఒప్పుకున్నది మొత్తం ఎనిమిది ప్రయోగాలకి, మన సొంత అంతరిక్ష కేంద్రం మొదటి భాగంతో కలిపి. ఆ అంతరిక్ష కేంద్రం పూర్తి కావాల్సింది 2035కి, చంద్రుడి మీద మనిషి 2040కి. శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్‌కి 2025 జనవరిలో 3,985 కోట్లు ఇచ్చారు. ఈ గడువుల లోపల ఎన్ని ఎన్నికలు వస్తాయో లెక్కపెట్టండి. ఫిబ్రవరిలో బడ్జెట్ వచ్చినప్పుడు అంతరిక్ష శాఖ పేజీ తెరిచి కిందటేడు ఇస్తామన్నదెంత, తర్వాత దాన్ని ఎంతకి సవరించారు, ఈ ఏడు ఎంత అని మూడు అంకెలు పక్కపక్కన రాయమనండి పిల్లల్ని. అపోలోని ఆపింది అలాంటి అంకెలే, జనం ఎవరూ చూడని రోజుల్లో.

ఒంగోలు లెక్కల సారు:

ఇది బాగుంది, దీన్నే ప్రాజెక్టుగా ఇస్తాను. ఆ అమ్మాయినే లీడర్‌గా పెడతాను. పులికాట్ గారూ, పిల్లల్ని లాంచ్ చూపించడానికి తీసుకురావాలంటే ఏం చెయ్యాలి?

పులికాట్:

లాంచ్ గ్యాలరీకి ఇస్రో సైట్‌లో ముందుగా రిజిస్టర్ చేసుకోవాలి సార్, తెరిచిన కాసేపటికే నిండిపోతుంది కాబట్టి ప్రకటన రాగానే చూసుకోండి. దొరక్కపోయినా పర్లేదు, సూళ్లూరుపేట దాకా రైల్లో వచ్చేయండి, పులికాట్ సరస్సు రోడ్డు మీదకి నేను తీసుకెళ్తాను. తేదీ వాయిదా పడుతుందని మాత్రం పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.