టైప్ స్ట్రెయిన్‌కు ఏ మాట: 'మచ్చు' అనాలా, 'ఒరవడి' అనాలా?

హనుమకొండలో హైస్కూలు పిల్లల కోసం ఎడారి మట్టిలోని బ్యాక్టీరియా మీద పాఠం రాస్తున్నాను. ప్రజాతి, జాతి మన పుస్తకాల్లో ఉన్న మాటలే, వాటితో ఇబ్బంది లేదు. సహారా ఇసుకలో దొరికి 2005లో పేరు పెట్టించుకున్న డైనోకాకస్ డెసర్టిలో డైనోకాకస్ ప్రజాతి, డెసర్టి అంటే 'ఎడారిది' అని, అది జాతిని చెబుతుంది. టైప్ స్ట్రెయిన్ దగ్గరే కలం ఆగింది. కొత్త జాతి అని ప్రకటించాలంటే దొరికినదాన్ని విడిగా పెంచి కనీసం రెండు వేర్వేరు దేశాల కల్చర్ బ్యాంకుల్లో (సూక్ష్మజీవులను భద్రపరిచే చోట్లలో) బతికుండేలా దాచాలి. అట్లా దాచినదే టైప్ స్ట్రెయిన్, జాతి పేరు దానికే కట్టుబడి ఉంటుంది. మా బాపు ఏనుమాముల మార్కెట్ల మిర్చి బస్తా విప్పి గుప్పెడు మచ్చు చూపెట్టేవాడు. ఆ మాట పెడితే ఎట్లుంటది?

జవాబు: మేడమ్, మచ్చు నాకూ ఇష్టమైన మాటే, కానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది. మచ్చు చూసి బస్తా ఎట్లుందో చెప్తాం, ధర కుదిరాక దాని పని అయిపోయినట్టే. టైప్ స్ట్రెయిన్ అట్లా కాదు, రేపు థార్ ఎడారి మట్టిలో ఇంకొకటి దొరికితే దాన్ని దీని పక్కన పెట్టి చూడాల్సిందే. ముందు బ్యాక్టీరియా అన్నిట్లో ఉండే, సుమారు 1500 డీఎన్ఏ అక్షరాలుండే 16ఎస్ అనే జన్యువును చూస్తారు, పోలిక 98.7 శాతానికి తగ్గితే కొత్త జాతి కావచ్చు. అంతకు మించి కలిస్తే మొత్తం జీనోమ్‌లు, అంటే డీఎన్ఏ అంతా, పోల్చాలి, అక్కడ గీత 95-96 శాతం దగ్గర. అందుకే ఒరవడి అంటాను. మా తాత పలక మీద పైన 'ఱ' రాసిచ్చేవాడు, కింద మేం దిద్దేవాళ్లం, మాది ఎక్కడ వంకర పోయిందో ఆ పై అక్షరంతోనే తెలిసేది, దాన్ని మాత్రం చెరపనిచ్చేవాడు కాదు.

జవాబు: పేపర్లలో 'కొత్త ఒరవడి' అంటే ట్రెండ్ అయిపోయింది సార్, పిల్లలు అదే అనుకుంటారు. ఇంకోటి, టైప్ స్ట్రెయిన్ ఆ జాతికి అచ్చమైన ప్రతినిధి కావాలని నియమం లేదు. జాతిలో మిగతావి దానికి కొంచెం తేడాగా ఉన్నా తప్పు కాదు, ఒరవడి అంటే అందరూ అట్లనే రాయాలన్నట్టు ఉంది.

మళ్లీ నేనే: ఆ మాట నిజమే, అయితే ప్రతినిధి కావాలనే లేదు కాబట్టి మచ్చు ఇంకా తప్పు. ఒరవడే రాస్తున్నాను, పక్కన పలక బొమ్మ వేసి, కింద దిద్దిన అక్షరాల్లో ఒకదాన్ని కొంచెం వంకరగానే ఉంచుతాను. అదీ 'ఱ'యే అని రాస్తాను.